బీరువా తాళాలు కొంగున, పిన్ను నంబరు ఎవరి జేబున?

కొత్తకోడలు ఇంట్లో ఎంతవరకు నిలదొక్కుకుందో చెప్పాలంటే మన పెద్దవాళ్ళు ముందు ఆమె నడుము వైపు చూసేవారు. తాళాల గుత్తి అక్కడ వేలాడుతోందా లేదా అని! బీరువా తాళం, ధాన్యం గది తాళం, ఊరగాయ జాడీలున్న గది తాళం, అన్నీ ఒకే గుత్తిలో ఉండేవి. అత్తగారు ఆ గుత్తి తీసి చేతిలో పెట్టిందంటే పెత్తనం ఇచ్చినట్టే లెక్క.

ఇప్పుడు ఇంటి డబ్బంతా బ్యాంకులోకీ ఫోనులోకీ చేరిపోయింది. తాళం చెవులు నాలుగంకెల పిన్నులుగా, ఆరంకెల ఓటీపీలుగా మారిపోయాయి. మరి ఈ కొత్త గుత్తి ఎవరి దగ్గరుందండీ? ఏ నలుగురు గృహిణుల్ని అడిగినా ముగ్గురి జవాబు ఒకటే. "అవన్నీ మా వారు చూసుకుంటారు." "మా అబ్బాయే పెట్టిచ్చాడు, వాడికే తెలుసు." బీరువా తాళం మాత్రం పనిమనిషి వచ్చే వేళకి బొడ్లో దోపుకుంటాం!

మా వీధి చివర ఒక పిన్నిగారున్నారు. పొదుపులో దిట్ట. కూరగాయల బేరంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. ఆవిడ పేర బ్యాంకులో ఒక ఖాతా ఉంది. పొదుపు సంఘం డబ్బులు, గ్యాసు డబ్బులు అన్నీ అందులోనే పడతాయి. ఈమధ్య మాటల్లో, "ఖాతాలో డబ్బు పడితే మీకు మెసేజి రాదా పిన్నిగారూ?" అని అడిగాను.

"నాకెందుకొస్తుందమ్మా? ఖాతా తెరిచినప్పుడు నాకు ఫోనెక్కడిది? మావాడి నంబరిచ్చాను."

"మరి అతను చూసి చెబుతాడా?"

"వాడు ఉద్యోగానికి వెళ్ళాక కొత్త నంబరు తీసుకున్నాడుగా. పాతది రీఛార్జి చేయలేదు. పోయింది."

నంబరు పోదండీ! ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. కొన్నాళ్ళు వాడకపోతే టెలిఫోను కంపెనీ ఆ నంబరును ఆపేస్తుంది. ఆపేశాక కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అంటే పిన్నిగారి ఖాతాకు సంబంధించిన మెసేజీలు, ఓటీపీలు ఈపాటికి ముక్కూమొహం తెలియని ఎవరి ఫోనులోనో మోగుతూ ఉండవచ్చు. ఆ ఎవరో మంచివాళ్ళే అయినా, పిన్నిగారి డబ్బు ఎవరైనా తీస్తే ఆ సంగతి ఆవిడకు తెలిసే దారి లేదు. పాసుపుస్తకం ఎక్కించుకునే దాకా అంతే.

కాబట్టి అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ఇది. మీ ఖాతాకు ఏ ఫోను నంబరు కలిపి ఉంది? ఆధార్‌కు ఏ నంబరు ఉంది? ఈ రెండూ మీ చేతిలో ఉన్న ఫోను నంబరే కావాలి. బ్యాంకు నంబరు మార్చుకోవాలంటే పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని మీ బ్రాంచికి వెళ్ళి ఫారం నింపితే సరిపోతుంది. ఆధార్ నంబరుకు ఆధార్ కేంద్రానికి వెళ్ళవచ్చు. ఒక పూట పని. మనిషికి ఎన్ని పూటలు పెళ్ళిళ్ళ బట్టల షాపుల్లో పోవడం లేదు!

ఇక పిన్ను సంగతి. "కట్టుకున్న భర్తకు కూడా చెప్పకూడదా?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. బెంగళూరులో జరిగిన ఒక కేసు చెబుతాను, వినండి. 2013 నవంబరులో ప్రసూతి సెలవులో ఉన్న ఒకావిడ 25,000 రూపాయలు తెచ్చిపెట్టమని తన ఏటీఎం కార్డు, పిన్ను భర్తకిచ్చింది. ఆయన వెళ్ళి తీశాడు. మెషీను చీటీ ఇచ్చింది గానీ నోట్లివ్వలేదు. ఖాతాలో మాత్రం డబ్బు తగ్గిపోయింది. బ్యాంకు వాళ్ళు "మా లెక్కల ప్రకారం డబ్బు వచ్చింది" అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. వినియోగదారుల ఫోరానికి వెళ్ళింది. సీసీ కెమెరా దృశ్యాలు సంపాదించింది. ఏళ్ళు గడిచాయి. చివరికి 2018లో ఫోరం ఏమన్నదో తెలుసా? పిన్ను ఇతరులకు ఇవ్వరాదన్నది బ్యాంకు నియమం, భర్త అయినా ఇతరుడే, కావాలంటే చెక్కు రాసివ్వవలసింది లేదా అధికార పత్రం ఇచ్చి పంపవలసింది అని కేసు కొట్టేసింది.

నన్నడిగితే ఆ తీర్పు కాస్త కఠినమైనదే. బాలింత బ్యాంకుకు నడిచి వెళ్ళగలదా? ఇంట్లో పసిబిడ్డను పెట్టుకుని అధికార పత్రాలు రాస్తూ కూర్చుంటుందా? కానీ నియమం అలాగే ఉంది, దాన్ని చూపించే మనల్ని బయటికి పంపిస్తారు. మొగుడి మీద నమ్మకం ఉందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల్లోనూ ఇదే సూత్రం. పిన్నో ఓటీపీయో చెప్పేసి, అంటే మన అజాగ్రత్త వల్ల, డబ్బు పోతే బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మన నష్టమే. తెలియజేశాక కూడా పోతే అది బ్యాంకు భరించాలి. అందుకే ఆలస్యం చేయకుండా చెప్పడం అంత ముఖ్యం.

మరి ఇద్దరూ డబ్బు తీసుకోవలసిన ఇల్లయితే ఎలా? జాయింటు ఖాతా తెరిచి ఎవరి కార్డు వాళ్ళు, ఎవరి పిన్ను వాళ్ళు తీసుకోండి. బ్యాంకు ఇద్దరికీ వేర్వేరు కార్డులిస్తుంది. కాలేజీలో చదివే పిల్లాడికో, కొట్టుకు వెళ్ళే మామగారికో ఫోనుతో చెల్లించే వీలు కల్పించాలంటే యూపీఐ సర్కిల్ అని 2024 ఆగస్టులో ఒక పద్ధతి వచ్చింది. మీ ఖాతాలోంచి వాళ్ళు చెల్లిస్తారు. మీ పిన్ను వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రతి చెల్లింపూ మీరు సరేనన్నాకే జరిగేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు ఇంత అని హద్దు పెట్టి వదిలేయవచ్చు. పిల్లాడి నెల ఖర్చు పది రోజులకే అయిపోవడం ఎందుకో కూడా అందులో తెలిసిపోతుంది, అది వేరే లాభం.

పిన్ను పెట్టుకోవడంలో మనందరి తెలివీ ఒకే దారిలో నడుస్తుంది. 2012లో ఒకాయన దొంగలపాలై బయటపడిన 34 లక్షల నాలుగంకెల పాస్‌వర్డులను పరిశీలించాడు. నూటికి పదిమందికి పైగా పెట్టుకున్నది 1234! తర్వాత 1111, ఆ తర్వాత 0000. పుట్టిన సంవత్సరాలు కూడా బోలెడు. మన ఇళ్ళలో అయితే పెళ్ళిరోజు, పెద్దబ్బాయి పుట్టినరోజు, స్కూటరు నంబరు. ఇవన్నీ చుట్టాలందరికీ తెలిసినవే. స్కూటరు నంబరైతే వీధంతా చదువుతుంది. మరి గుర్తుండేదెలా అంటారా? మీ ఒక్కరికే తెలిసిన పాత లెక్క ఏదైనా తీసుకోండి. చిన్నప్పుడు బడిలో మీ హాజరు నంబరూ, పుట్టింటి మెట్ల సంఖ్యా కలిపితే నాలుగంకెలు అయిపోతాయి. ఏటీఎంకు ఒకటి, యూపీఐకి ఇంకొకటి, ఫోను తెరవడానికి మరొకటి. మూడూ ఒకటే అయితే కూరగాయల బండి దగ్గర మీ భుజం మీంచి చూసినవాడికి ఇల్లంతా తెరిచినట్టే.

పాస్‌వర్డు కథ వేరు. అది పొడుగ్గా ఉండాలి. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చుక్కో నక్షత్రమో పెట్టమని అందరూ చెబుతారు చూశారూ, ఆ సలహా 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ కోసం బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన పత్రంలోది. ఆయనే రిటైరయ్యాక 2017లో, నేను చెప్పినదాంట్లో చాలా భాగానికి ఇప్పుడు విచారిస్తున్నాను అన్నాడు. ఎందుకంటే జనం ఆ గుర్తుల్ని కూడా అందరూ పెట్టే చోటే పెట్టారు. వాటికన్నా పొడుగే మేలు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. గొడుగు, ముక్కాలిపీట, చింతచిగురు, రైలు అన్నట్టు. (ఇవే పెట్టుకోకండి సుమా, ఈ పత్రిక మీ పక్కింటావిడ కూడా చదువుతోంది!) సామెతలు, సినిమా పాటల పల్లవులు వద్దు, అవి అందరి నోళ్ళలోనూ ఉన్నవే.

చీరల షాపు యాప్‌కూ, ఈమెయిలుకూ ఒకటే పాస్‌వర్డు పెట్టుకోకండి. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు దొంగలపాలయ్యాయి. (అందులో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456, అది చెప్పనే అక్కర్లేదు.) అలాంటప్పుడు దొంగ చేసే మొదటి పని, అదే ఈమెయిలు, అదే పాస్‌వర్డు పట్టుకుని ఇంకా ఏ ఏ తలుపులు తెరుచుకుంటాయో తట్టి చూడటం. ఈమెయిలు తెరుచుకుందంటే మిగతావన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటాయి. "పాస్‌వర్డు మరిచిపోయారా?" అని నొక్కితే కొత్తది పెట్టుకునే లంకె వచ్చేది అక్కడికేగా! అందుకే ఈమెయిలుకు పెట్టినది ఇంకెక్కడా పెట్టవద్దు.

ఇన్ని గుర్తుండవు, నిజమే. అయితే రాసుకోండి. రాయడం మహాపాపం అని భయపెడతారు గానీ, అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టుకోవడం కన్నా, వేర్వేరుగా పెట్టుకుని ఒక చిన్న పుస్తకంలో రాసి బీరువా లాకర్లో దాచుకోవడమే నయం. ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ మీ బీరువాలోకి చూడలేడు. పిన్నులు మాత్రం అందులో రాయకండి. కార్డు వెనకాల, కార్డు కవరు మీద, పర్సులో కాగితం మీద అసలే వద్దు. ఫోనులో "ఏటీఎం పిన్ మామయ్య" అని పేరు పెట్టి దాచుకున్నామని మురిసిపోయేవాళ్ళున్నారు. ఆ మామయ్య దొంగలందరికీ మామయ్యే.

ఆఫీసులో పనిచేసే చెల్లెళ్ళకు ఒక మాట. కాఫీకి లేచినప్పుడు కంప్యూటరు తెరిచి వదలకండి. మీ పేరుతో ఎవరేం చేసినా సంతకం మీదే అవుతుంది. "సెలవులో ఉన్నావు కదా, పాస్‌వర్డు చెప్పు, పని ఆగిపోయింది" అని పై అధికారి ఫోను చేసినా, కంప్యూటర్ల విభాగం వాళ్ళతో దారి ఏర్పాటు చేయించుకోమని మర్యాదగా చెప్పండి. మొహమాటానికి పోతే తర్వాత సంజాయిషీ రాసేది మీరే.

అసలు మనకు ప్రమాదం ఎక్కువగా ఉండేది జిరాక్సు షాపులో. పిల్లల స్కూలు అప్లికేషనుకో, రేషను కార్డు పనికో వెళతాం. "ఆధార్ ఈ నంబరుకు వాట్సాప్ చేయండి మేడం" అంటాడు. పంపుతాం. పాన్ కార్డు పంపుతాం. ఫొటో పంపుతాం. ప్రింటు తీసుకుని వచ్చేస్తాం. మన కాగితాలన్నీ అతని ఫోనులోనే ఉండిపోతాయి. అతను చెడ్డవాడని కాదు, రోజుకు వందమందివి అలా ఉంటాయి, ఆ ఫోను ఎవరి చేతిలో పడుతుందో అతనికీ తెలియదు. ప్రింటు రాగానే ఎదురుగా నిలబడి తీసేయించండి. మీరూ "అందరికీ తొలగించు" నొక్కండి. కొన్ని షాపుల్లో మన వాట్సాప్‌నే వాళ్ళ కంప్యూటర్లో తెరిపిస్తారు. అలా చేస్తే ఇంటికొచ్చాక కూడా మీ మెసేజీలన్నీ అక్కడ కనిపిస్తూనే ఉంటాయి. వాట్సాప్ సెట్టింగుల్లో "లింక్డ్ డివైసెస్" అని ఉంటుంది, తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటరు పేరు కనిపిస్తే నొక్కి తీసేయండి. ఆధార్ ఇవ్వక తప్పని చోట, పూర్తి నంబరు అవసరం లేకపోతే, మొదటి ఎనిమిది అంకెలు కనబడని "మాస్క్‌డ్ ఆధార్" ఇవ్వవచ్చు. ఆధార్ వెబ్‌సైటులో దొరుకుతుంది.

వేలిముద్ర కూడా తాళం చెవే అని మరిచిపోకూడదు. 2018లో మన పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను ఏం చేశాడంటే, ఇంటర్నెట్‌లో దొరికే భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల మీంచి వేలిముద్రలు తీసి, రబ్బరుతో నకళ్ళు తయారుచేసి, వాటితో ఊళ్ళోవాళ్ళ పేర సిమ్‌లు చలామణీలో పెట్టాడు. పోలీసులు పట్టుకున్నారు, అది వేరే సంగతి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోగలమా? అందుకే ఆధార్ యాప్‌లో "బయోమెట్రిక్ లాక్" పెట్టుకోమనేది. ఎక్కడైనా వేలు పెట్టవలసి వచ్చినప్పుడు తాత్కాలికంగా తీసి, పని కాగానే మళ్ళీ వేసుకోవాలి. రేషను షాపుకు వెళ్ళే ముందు తీయడం గుర్తు పెట్టుకోండి, లేకపోతే అక్కడ క్యూలో చిన్నబోతారు. మీ పేర ఎన్ని సిమ్‌లున్నాయో తెలుసుకోవాలంటే కేంద్రప్రభుత్వం 2023లో తెచ్చిన "సంచార్ సాథీ"లో మీ నంబరిచ్చి చూడవచ్చు. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పవచ్చు.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంకో బెడద. తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో శుభలేఖ వస్తుంది. ఎవరి పెళ్ళో అని ఆత్రంగా నొక్కుతాం. మామూలు శుభలేఖ ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైలు పేరు చివర "ఏపీకే" అనే మూడక్షరాలుంటే అది శుభలేఖ కాదు, మీ ఫోనులో దిగి కూర్చుని వచ్చే ఓటీపీలన్నీ చదివి దొంగకు చేరవేసే ప్రోగ్రాము. ట్రాఫిక్ చలానా అనీ, బ్యాంకు కేవైసీ అనీ కూడా అదే వేషంలో వస్తుంది. నొక్కకుండా తీసేయండి. పాత ఫ్రిజ్ అమ్ముదామని ప్రకటన ఇస్తే "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడు స్కాను చేసి పిన్ను కొట్టండి" అనేవాడూ ఇలాంటివాడే. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను కొట్టమన్నాడంటే పోయేది మన డబ్బే.

అయినా ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు జరుగుతుంది. జరిగినప్పుడు మన ఆడవాళ్ళు చేసే పని, "ఆయనకు తెలిస్తే తిడతారు" అని దాచడం. రెండు రోజులు తిండి మానేసి ఏడుస్తారు, చెప్పరు. ఆ రెండు రోజుల్లోనే డబ్బు పది ఖాతాలు మారిపోతుంది. ముందు 1930కి ఫోను చేయండి, దేశమంతటికీ ఒకటే నంబరు. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డు, ఫోను చెల్లింపులు ఆపించండి. డబ్బు ఇంకా దొంగ ఖాతాలో ఉండగానే తెలిస్తే దాన్ని అక్కడే నిలిపే ప్రయత్నం చేయగలరు. ఆయన తిట్లు ఆ తర్వాత తీరిగ్గా వినవచ్చు. ఇంట్లో మగవాళ్ళు కూడా ఈ పేజీ చదువుతుంటే ఒక మాట. పోగొట్టుకున్న మనిషిని మొదటి గంటలో తిట్టకండి, ఆ గంటకు విలువెక్కువ.

ఇంతవరకూ మన పిన్ను ఇంకొకరికి చెప్పవద్దనే చెప్పాను. దీనికి రెండోవైపు కూడా ఉంది. ఇంటి వ్యవహారాలన్నీ ఆయనే చూసుకుని హఠాత్తుగా ఆయనకేదైనా అయితే, ఏ బ్యాంకులో ఏముందో, బీమా ఎక్కడ కట్టారో, ఎవరికి అప్పిచ్చారో తెలియక పాత డైరీలు వెతుక్కునే ఇల్లాళ్ళను మీరూ చూసే ఉంటారు. "అపశకునం మాటలెందుకు?" అని ఈ సంగతి ఎత్తనివ్వరు కొందరు ఇళ్ళలో. ఆదాయపు పన్ను కాగితాలు తీసే రోజుల్లో ఎత్తండి, శకునాల గొడవ ఉండదు. ఒక నోటుబుక్కు తీసుకుని ఇద్దరూ కూర్చుని రాయండి. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఖాతా నంబరు, ఏ ఫోను నంబరు కలిపి ఉంది, నామినీ ఎవరు. బీమా పాలసీ నంబర్లు, గడువు తేదీలు. డీమ్యాటు ఖాతా ఉంటే అది. భవిష్యనిధి, ఇంటి అప్పు, లాకరు, చిట్టీలు, చేబదుళ్ళు. పిన్నులు, ఓటీపీల జోలికి పోనక్కర్లేదు. మనిషి పోయాక ఆయన పిన్నుతో డబ్బు తీయడం చట్టం ఒప్పుకునే దారి కాదు, మిగతా వారసులతో పేచీలు కూడా వస్తాయి. నామినీగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలుంది, ఎవరికెంత వంతో కూడా రాయవచ్చు.

మీ పేర ఉన్న ఖాతాకూ నామినీ ఉన్నారో లేదో చూడండి. పెళ్ళికి ముందు పుట్టింట్లో తెరిచిన ఖాతాలో నాన్నగారి పేరే ఉండిపోయి, ఆయన పోయి ఏళ్ళయినా మార్చనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఫారం ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. పాసుపుస్తకం మీద నామినేషను నమోదైనట్టు ముద్రిస్తారు. అది ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకుని మరీ బయటికి రండి.